ఎత్తిన చెయ్యి

వేములపల్లి
జూన్ 14

ప్రశాంతికి,

మేనమామ వీరయ్య రాస్తున్నాడు. ఆశీస్సులు ఉన్నాయి, కాకపోతే కవరు అడుగున ఉన్నాయి. ముందు కోపం చదువు.

సోమవారం నాడు నువ్వు ఫారెస్టు వాళ్ల జీపులో మా ఊరికి వచ్చావు. బడి ముందర కట్టేసి ఉన్న మన కొండెంగను, మీ కాగితాల్లో కొండముచ్చు అని రాసుకునేదాన్ని, ఇనుప బోనులో ఎక్కించుకుని పోయావు. ఊరంతా నిలబడి చూసింది. ఊరి కమిటీలో ఉండే సతీష్ నా ముఖం మీదికి వంగి, నాకు అర్థమయ్యేలా పెదాలు సాగదీసి మరీ అడిగాడు: "మీ కోడలే గద సారూ, జర ఆగుమనరాదు?" నాకు చెవుడు ఉంది గానీ సిగ్గు లేకపోలేదు.

ఈ ఇంట్లో ఉండి పదో తరగతి దాకా చదివినదానివి. గుమ్మం దాకా వచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా పోయావు. కొండెంగను తీసుకుపోవడం కన్నా అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

కోతుల బాధ నీకు తెలియనిది కాదు. ఇంటి పెంకులు పీకేవి, బడి పిల్లల చేతుల్లోంచి అన్నం పళ్లాలు లాక్కునేవి. రాములు తల్లి మీదికి దూకితే ఆమె మెట్ల మీద నుంచి పడి తుంటి విరిగింది, ఇప్పటికీ కర్ర పట్టుకుని నడుస్తుంది. అప్పుడు ఊరు కూర్చుని అనుకున్నది, ఒక కొండెంగను తెచ్చుకుంటే కోతులు భయపడి పోతాయని. తెచ్చింది నేనే. అది వచ్చాక కోతులు కాలువ అవతలికి పోయాయి. పిల్లలు దానికి 'ఎస్సై' అని పేరు పెట్టారు. నువ్వు జీపు ఎక్కించి వారం తిరగకముందే కోతులు తిరిగి వచ్చాయి. నిన్న మా వంటింట్లో ఉప్పు డబ్బా తప్ప అన్నీ కింద పడి ఉన్నాయి.

ఎస్సైని పంపించు. తాడు పొడుగు చేస్తాం. పైన నీడకు రేకులు వేస్తాం. నీ నోటితో ఆ ఫారెస్టు ఆఫీసరుకు చెప్పు, వింటాడు.

ఫోను మాత్రం చెయ్యకు. చెవి మిషను పెట్టుకున్నా నాకు ఫోనులో గుయ్ మని తప్ప మాట వినబడదు. ఉత్తరం రాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఊరి ఉత్తరాలు మోసినవాడిని, నాకొక ఉత్తరం రాస్తే నీకు పోయేదేమీ లేదు.

వీరయ్య
రిటైర్డు బ్రాంచి పోస్టుమాస్టరు, కోపం తగ్గాక నీ మామ


మునగాల
జూన్ 22

మామా,

అడుగున ఉన్న ఆశీస్సులు ముందే తీసి దాచుకున్నాను. కోపం తర్వాత చదివాను. రెండూ నీవే కాబట్టి రెండూ ఉంచుకుంటాను.

ఎస్సైని పంపను. ఇది మొదటి వాక్యంగానే రాయాల్సింది, నీ కోపం చూసి కాస్త వెనక్కి జరిగింది.

మంచినీళ్ల సంగతి నిజమే. అత్తమ్మ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ చెంబు అందుకుంటే బోను తలుపు తీసి మీ ఎస్సైని మీకు ఇచ్చేసి వస్తానేమోనని భయం వేసింది. అందుకే తల దించుకుని జీపెక్కాను. మళ్లీ వచ్చినప్పుడు రెండు చెంబులు తాగుతాను.

ఇప్పుడు నువ్వు చదవాల్సింది ఇది. దాని నడుముకు కట్టిన తోలు పట్టా ఉందే, దాని కింద పుండు పడి, ఆ పుండు మీద కొత్త చర్మం మొలిచి, పట్టా సగం ఒంట్లోకి పోయింది. పైన బొచ్చు ఉండడంతో మీకెవరికీ కనబడలేదు. కోదాడ నుంచి డాక్టరును పిలిపించి మత్తిచ్చి కోసి తీయించాం. ఆ ముక్క ఒక డబ్బాలో ఉంచాను. నీకు పంపుదామని కవరు కూడా తీశాను, అత్తమ్మ చూస్తుందని మానుకున్నాను.

నా దగ్గర దానికి తాడు లేదు. అయినా తాడు ఉన్నట్టే తిరుగుతున్నది. ఆవరణ నడుమ ఒక చోటు చూసుకుని, మీ బడి ముందర తిరిగినంత మేరే గుండ్రంగా తిరుగుతుంది. అంచుకు రాగానే ఎవరో లాగినట్టు వెనక్కి మళ్లుతుంది. పక్కనే గుట్ట మీదికి ఒరిగిన పెద్ద చింతచెట్టు ఉంది. తలెత్తి ఒక్కసారి కూడా చూడలేదు. కొండెంగ చెట్టు వైపు చూడకపోవడం ఏమిటి మామా?

కాలేజీలో పాఠాలు మానేసి ఇక్కడ దిక్కులేని జంతువుల కోసం ఈ 'నీడ' మొదలుపెట్టినప్పుడు నాకు పిచ్చి ముదిరిందన్నావు. ఇప్పుడు ఇంకా ముదిరింది. కరెంటు తీగ తగిలి రెక్క పోయిన నెమలి ఉంది. ట్రావెల్స్ బస్సులో ఎవరిదో సూట్‌కేసులో దొరికిన ఇగ్వానా ఉంది, అంటే మేకపిల్లంత పచ్చటి తొండ అనుకో. ఎవరో పెంచి విసుగొచ్చి హైవే మీద వదిలేసిన ఈము పక్షి ఉంది. వీటన్నిటికీ వండేది సారమ్మ. ఆ ఈముకు ఎన్ని గింజలు పోసినా సారమ్మ కొంగు నమిలితే గానీ కడుపు నిండదు.

ఇంకో కొండెంగను తెచ్చే ఆలోచన ఉంటే ముందే చెప్తున్నాను, అదే జీపులో అదే బోనుతో వస్తాను.

నీ ప్రశాంతి


వేములపల్లి
జూలై 5

ప్రశాంతికి,

ఉత్తరం అందింది. దాణా బస్తా చీటీ వెనక రాశావు. తెల్ల కాగితం దొరకదా మునగాలలో?

పట్టా సంగతి చదివాను. దాని గురించి ఇప్పుడు ఏమీ రాయను.

కోతులు బడిలోకి వస్తున్నాయి. టీచరమ్మ పిల్లల్ని లోపల పెట్టి తలుపు వేసి అన్నం పెడుతున్నది. పోయిన శుక్రవారం ఊరు కూర్చుంది. సతీష్‌కు తెలిసినవాడు అడవి వైపు నుంచి కొత్త కొండెంగ పిల్లను పట్టి తెస్తాడట. తీర్మానం కాగితం రాశారు. మొదటి సంతకం నాదే ఉండాలని నా ముందర పెట్టారు. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానని చెప్పి కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాను. రేపో ఎల్లుండో పెట్టక తప్పదు. నేను తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడు కాదంటే, కోడలికి భయపడ్డాడంటారు.

అది తింటున్నదా అని మీ అత్తమ్మ బుచ్చమ్మ అడగమంది. నేను అడగడం లేదు.

వీరయ్య


మునగాల
జూలై 12

మామా,

తెల్ల కాగితం మీదే రాస్తున్నాను. గీతలు కూడా కొట్టాను, నీ దగ్గర నేర్చుకున్నట్టు.

తినడం లేదు. పోయిన ఉత్తరంలో ఈ మాట దాచాను. చింతచిగురు, రావి చిగుళ్లు, మునగాకు, జామకాయలు, సెనగలు, అన్నీ పెట్టి చూశాం. కొరికి పక్కన పెడుతుంది. గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. వీపు మీద ఎముకలు కనబడుతున్నాయి. డాక్టరు సెలైను పెట్టి, ఇట్లా ఎక్కువ రోజులు నడవదన్నాడు. సారమ్మ ప్రార్థన చేస్తున్నది. నేను దాని ముందర కూర్చుని బతిమాలుతున్నాను, తిడుతున్నాను, మళ్లీ బతిమాలుతున్నాను. అత్తమ్మ ఏం పెట్టేదో అడిగి రాయి. నీ కోపం పక్కన పెట్టి రాయి.

ఇక సంతకం సంగతి. మామా, ఆ కాగితం మీద నువ్వు సంతకం పెట్టి, అడవిలోంచి ఒక పిల్లను తల్లి దగ్గర నుంచి గుంజుకొస్తే, నేను కేసు పెట్టిస్తాను. ఫిర్యాదులో మొదటి పేరు నీదే రాస్తాను. నువ్వు దిద్దించిన అక్షరాలతోనే రాస్తాను. ఆ రోజు నాకు అన్నం దిగదు, అయినా రాస్తాను. ఎస్సై బతికినా బతకకపోయినా ఈ మాట మారదు.

ప్రశాంతి


వేములపల్లి
జూలై 19

బిడ్డా ప్రశాంతీ,

నేను మీ అత్తమ్మ బుచ్చమ్మను రాస్తున్న. అయిదు సదివిన, తప్పులుంటె సర్దుకో. నువ్వు రాసిన కాయితం మీ మామ మూడు పార్లు సదివి దిండు కింద వెట్టిండు. ఆయన గుడికి పోయినంక నేను తీసి సదివిన. ఈ ఉత్తరం గీ ఊర్ల ఏస్తె ఆయనకు తెలుస్తదని చంద్రమ్మ మిర్యాలగూడకు పోతుంటె ఆమె చేత ఆడ డబ్బాల ఏపిస్తున్న. నేను రాసిన్నని చెప్పకు.

నువ్వు ఏం బెట్టాలె అని అడుగుతున్నవ్. ఏం బెట్టుడు గాదు, ఎట్ల బెట్టుడు అని అడుగు. వాడు మనం సూస్తుంటె తినడు. నువ్వు ముంగట కూసొని తిను తిను అంటె అస్సలు తినడు. నేను వాని దిక్కు వీపు వెట్టి కూసుంట. ముందుగాల నేను తింట. సగం తిని పళ్లెం ఎనుకకు జరుపుత. ఎనుకకు మర్లి సూడ. అప్పుడు తింటడు. మా అయ్య గొర్ల మంద కాడికి కొత్త కుక్కను తెస్తె గిట్లనే జేస్తుండె. ముందుగాల మనిషి తింటె, దాంట్ల మందు లేదని దానికి నమ్మకం అయితది. మన వీపు సూస్తె, కొట్టరని ధైర్నం అయితది. వాడు వచ్చిన కొత్తల కూడ గిట్లనే ఎండిపోయిండు, అప్పుడు గిట్లనే తినవెట్టిన. పచ్చడి మెతుకులు, చాయ గూడ అలవాటు జేసిన. నువ్వు తిడుతవ్ గని రాస్తున్న.

ఇంకోటి గూడ చెప్త. కోతులు వానికి భయపడుడు బందయి శాన దినాలాయె. తాడు ఎంత దూరం వస్తదో అవి సూసి వెట్టుకున్నయి. వాని పక్కపొంటి కూసొని పేలు గూడ సూస్తుండె. ఇప్పుడు ఇండ్లల్లకు రావట్టినయి గని, అంతకు ముందు గూడ వస్తనే ఉండె. ఊరికి ఎరుకే, మీ మామకు ఎరుకే. పైకి ఎవ్వలు అనరు.

నాకు వాడు గావాలె బిడ్డా. ఇల్లు బోసిపోయింది. గని తాడుతోని వద్దు. ముందుగాల వచ్చిన కాయితంల ఆ పట్టా సంగతి సదివినంక నాకు ముద్ద దిగుతలేదు. నేను దినాం వాని వీపు నిమిరిన, నా చేతికి తెల్వకపాయె.

అత్తమ్మ


మునగాల
ఆగస్టు 9

మామా,

నీ నుంచి జవాబు లేదు. అయినా నేను మానను.

ఎస్సై తింటున్నాడు. ఎట్లా అని అడగకు, ఒక మంచి మనిషి చెప్పింది. సారమ్మ రోజూ పళ్లెంలో చింతచిగురు, ఉడికిన సెనగలు వేసుకుని, దానికి వీపు పెట్టి కూర్చుని, ముందు తాను నాలుగు నమిలి పళ్లెం వెనక్కి తోస్తుంది. మొదటి రోజు చీకటి పడే దాకా కదలకుండా కూర్చుంది. "నాక్కూడ ఈ ఆకులు అలవాటైతున్నయ్ మేడం" అంటున్నది. వీపు మీద ఎముకలు మెల్లగా కప్పుకుంటున్నాయి. పుండు మానింది. అత్తమ్మకు చెప్పు, చాయ మాత్రం పొయ్యలేదు.

ఇప్పుడు ఇంకో గోడ అడ్డం వచ్చింది. సూర్యాపేట వెళ్లి ఆఫీసరును కలిశాను. అతని మాట సూటిగా ఉంది. ఎస్సై చెట్టెక్కితే, మా గుట్ట మీద తిరిగే మగ కొండెంగల గుంపులో కలవనిస్తాం. ఆ గుంపులు కొత్త మగవాటిని రానిస్తాయి. ఎక్కకపోతే దీపావళి దాటాక జూకు పంపిస్తాం, ఎక్కడం రానిది బయట కుక్కల నోట పడి చస్తుంది అన్నాడు. అంటే, చచ్చేదాకా బోనులో. నీ తాడు విప్పి దానికి ఊచలు తెచ్చిపెట్టినదాన్ని అవుతాను.

అందుకే ఎక్కించి తీరాలి. నిచ్చెన వేశాం, తాళ్లు వేలాడదీశాం, కొమ్మ మీద పండ్లు కట్టాం. మంగ్త్యా అనే మా కాపలా అతను తానే చెట్టెక్కి చూపించాడు, రెండుసార్లు జారి పడ్డాడు. ఎస్సై అతన్ని జాలిగా చూసి మళ్లీ తన గుండ్రం మీదే తిరిగింది.

నీకు ఏదైనా తెలుసా మామా? ఎప్పుడైనా అది ఎక్కిందా?

ప్రశాంతి


వేములపల్లి
సెప్టెంబరు 16

ప్రశాంతికి,

ఆలస్యానికి కారణం ఉంది. పగలంతా పని పడుతున్నది. ఏం పని అని అడగకు.

సంతకం పెట్టలేదు. కమిటీ ముందర కాగితం తీసి సతీష్ చేతికి తిరిగి ఇచ్చాను. కోతులు భయపడని కొండెంగను కట్టేసుకుని మనం ఎవరిని మోసం చేసుకుంటున్నాం అని అడిగాను. వరి కోతలయ్యే దాకా కోతుల సంగతి నేను చూసుకుంటాను, నా వల్ల కాకపోతే అప్పుడు మీ ఇష్టం అన్నాను. ఈ వయసులో ఎట్లా చూసుకుంటావని నవ్వారు. చూసుకుంటున్నాను. కోతులు బడి వైపు రావడం తగ్గింది.

మిర్యాలగూడలో మంచిది దొరకలేదు, కోదాడలో చెమటకాయల పౌడరు పెద్ద డబ్బా ఉంటే రెండు పంపు. మోకాళ్లకు రాసుకునే మందు కూడా.

నీ ప్రశ్నకు జవాబు. ఎక్కింది. మొదటి ఏడాది దానికి తాడే లేదు. నాకు చెవుడు, దాన్ని అరిచి పిలవడం నాకు రాలేదు, అందుకని చేతితో నేర్పాను. కుడి చెయ్యి పూర్తిగా పైకి ఎత్తితే బడి కప్పు ఎక్కి కోతులను తరిమేది. చెయ్యి కిందికి దించితే ఎంత దూరంలో ఉన్నా దిగి నా కాళ్ల దగ్గరికి వచ్చేది. ఎత్తితే పోవడం, దించితే రావడం. ఒక్కసారి తప్పలేదు. ఒకనాడు నేను పెన్షను పని మీద మిర్యాలగూడ పోయాను, చెయ్యి దించేవాడు లేక అది పక్క ఊరి దాకా పోయింది. ఊళ్లో గొడవైంది. వచ్చాక తాడు కట్టారు. తాడు గుంజకు చుట్టుకుని బిగుసుకోకుండా, అంచుకు రాగానే వెనక్కి తిరగడం నేర్పింది కూడా నేనే. నువ్వు చూస్తున్న ఆ గుండ్రం నేను నేర్పిన పాఠం. బాగా నేర్చుకున్నది.

చిరునామా తప్పి వచ్చిన ఉత్తరాన్ని తిప్పి పంపడం నా ఉద్యోగంలో భాగం. ఎస్సై కూడా ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి పోవాల్సింది. ఆ చెయ్యి ఎట్లా ఎత్తాలో మీ సారమ్మకు చూపించు. మోచెయ్యి వంచకూడదు, అరచెయ్యి ముందుకు ఉండాలి.

వీరయ్య


మునగాల
సెప్టెంబరు 27

మామా,

పౌడరు రెండు డబ్బాలు, మోకాళ్ల మందు, కార్గోలో పంపాను. పౌడరు ఎందుకో నాకు తెలుసు.

నిన్న సారమ్మ తన ఫోను తెచ్చి చూపించింది. ఎవరో బడి పిల్లలు తీసిన వీడియో. వరి చేను గట్టు మీద ఒక ఎలుగుబంటి నడుస్తున్నది. దాని ముందర కోతులు పరుగో పరుగు. వెనక ఒక పెద్దమనిషి, అంటే మా అత్తమ్మ, కోతులు ఏ వైపు ఉంటే ఆ వైపుకు ఎలుగుబంటి చెవి పట్టుకుని తిప్పుతున్నది. ఆ ఎలుగుబంటి చేతికి గడియారం ఉంది. అది రిటైర్మెంటు నాడు నీకు పోస్టాఫీసు వాళ్లు ఇచ్చిన గడియారం. "ఎవరు మేడం గీ ఎలుగుబంటి, మస్తు డ్యూటీ జేస్తున్నడు" అన్నది సారమ్మ. నేను నవ్వాను, ఆ తర్వాత దాణా గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఇస్త్రీ చొక్కా లేకుండా వాకిట్లోకి కూడా రాని మనిషివి.

ఇక చెయ్యి సంగతి. సారమ్మ ఎత్తింది. నేను ఎత్తాను. మంగ్త్యా ఎత్తాడు. మోచెయ్యి వంచలేదు. ఎస్సై ఆగి, మా చేతులను చూసి, తర్వాత మా వెనక చూసింది. ఇంకెవరో ఉన్నారేమోనని వెతికింది. మామా, అది నీ చెయ్యి కోసం చూస్తున్నది.

దీపావళి దగ్గరికి వస్తున్నది. ఇక్కడికి రావడం నీకు కష్టమని తెలుసు. పదిమంది ముందర నీ చేతుల్లోంచి తీసుకొచ్చినదాన్ని, ఇప్పుడు నువ్వే వచ్చి వదిలిపెట్టమంటున్నాను. అయినా అడుగుతున్నాను. రా.

ప్రశాంతి


వేములపల్లి
అక్టోబరు 6
(పోస్టుకార్డు)

ఆదివారం వస్తున్నాం. బుచ్చమ్మ కూడా. ఎలుగుబంటి పని ఆ ఒక్కరోజు సతీష్ చేస్తాడు, వేషం అతనికి పొట్టి అవుతుంది. మీ ఇంట్లో మంచినీళ్లు తాగాలో వద్దో అక్కడికి వచ్చాక ఆలోచిస్తాను. ఈ కార్డు దారిలో ఎవరైనా చదివితే చదవనీ.

వీరయ్య


మునగాల
అక్టోబరు 15

మామా, అత్తమ్మా,

మీరు వెళ్లేటప్పుడు నేను లేను. గుట్ట దిగి వచ్చేసరికి మిర్యాలగూడ బస్సు టైమైందని వెళ్లిపోయారని సారమ్మ చెప్పింది. మంచినీళ్లు తాగావని కూడా చెప్పింది, చెంబెడు. అది ముందు రాయాలనిపించింది.

నేను చూసినంత వరకు రాస్తాను. నువ్వు ఆవరణలోకి అడుగు పెట్టగానే అది తిరగడం ఆపింది. నువ్వు దగ్గరికి పోలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని కుడి చెయ్యి ఎత్తావు. ఎస్సై నీ చెయ్యిని చూసింది, చెట్టును చూసింది, మళ్లీ నీ చెయ్యిని చూసింది. గుండ్రం అంచు దాకా వచ్చి అలవాటుగా ఆగింది. అది ఆ అంచు దాటింది. దాటి ఒక్క దూకు దూకి చింతచెట్టు మాను పట్టుకుంది. చూడడానికి వచ్చిన ఆఫీసరు నా భుజం మీద ఒక చరుపు చరిచి గుట్ట వైపు ఉరికాడు, నేను వెనకే ఉరికాను.

కొమ్మల మీద నుంచే గుట్ట మీదికి పోయింది. మొదట తడబడింది, ఒక కొమ్మ విరిగితే ఇంకోటి పట్టుకుంది. రాళ్ల మీద ఆ మగ గుంపు కూర్చుని ఉంది. ఒకటి పళ్లు చూపించింది. ఎస్సై పారిపోలేదు, మీద పడలేదు. కొంచెం దూరంలో, వాటికి వీపు పెట్టి కూర్చుంది. అత్తమ్మా, నువ్వు కూర్చున్నట్టే. చాలాసేపటికి ఒక ముసలి కొండెంగ వచ్చి దాని వీపు మీద, పట్టా మచ్చ ఉన్న చోట, వేళ్లు పెట్టి పేలు చూడడం మొదలుపెట్టింది. అప్పుడు ఆఫీసరు తన ఫైలు మూసి, జూ మాట ఇక లేదన్నాడు.

ఇప్పటికి గుంపుతోనే ఉంది. రోజూ పొద్దున మంగ్త్యా చూసి వస్తున్నాడు. ఇంకా కొన్ని నెలలు చూస్తాం. నీడ గేటు దానికి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కానీ రావాలని నేను కోరుకోవడం లేదు.

ఒకటి అడగాలి. సారమ్మ ఏదో చెప్పింది. "మీ మామ చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉన్నడు మేడం. కొండెంగ పోయినంక గూడ దించలే. చెయ్యి వణుకుతుంటె ఎడమ చెయ్యి ఆసర వెట్టి పట్టుకున్నడు. అత్తమ్మ ఏడుసుకుంట పిలిసినా ఇనలే." నీ భుజం పట్టేసిందా మామా? మిర్యాలగూడలో డాక్టరుకు చూపించుకో.

ప్రశాంతి


వేములపల్లి
అక్టోబరు 24

ప్రశాంతికి,

కమిటీ ఇంకో రెండు ఎలుగుబంటి వేషాలు తెప్పిస్తున్నది. ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకున్నారు. కొత్త కొండెంగ మాట తీర్మానం పుస్తకంలోంచి కొట్టేశారు. సతీష్ వేషంలో ఉండగా వాళ్ల కుక్కే అతన్ని కరవబోయింది, అయినా వస్తానంటున్నాడు. కోతలు మొదలయ్యాయి. నా మాట నిలబడింది.

నీ ప్రశ్నకు జవాబు. ఇది నీకు ఒక్కదానికే.

ఎస్సై కొమ్మ మీద నుంచి ఒకసారి వెనక్కి చూసింది. నువ్వు అప్పటికే గుట్ట మీదికి పరుగెత్తావు, నీకు కనబడి ఉండదు. అది చెట్టు చివర ఆగి నా చెయ్యి వైపు చూసింది. అది రాళ్లు దాటి కనబడకుండా పోయాక కూడా, ఎక్కడో ఒక కొమ్మ సందులోంచి చూస్తుందేమోనని నాకు అనుమానం. దానికి నేను రెండే మాటలు నేర్పాను. చెయ్యి ఎత్తితే పో. దించితే రా. మూడో మాట నేర్పలేదు. నేను చెయ్యి దించితే, భుజం నొప్పికి దించినా, అది దిగి వచ్చేస్తుంది. అంత నమ్మకమైన జంతువు.

బుచ్చమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. "ఓసారి చెయ్యి దించరాదయ్యా, దగ్గరికొస్తే ఒక్కపారి సూసుకుంట" అన్నది. నాకు వినబడలేదని అందరూ అనుకున్నారు. పెదాలు చదవడం నాకు బాగానే వచ్చు. ఆమెవైతే మరీ వచ్చు. కంటి కొసతోనే ఆ మాట చదివి, నేను చెట్టు వైపే చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్లుగా నా చెవుడు నాకు పనికొచ్చింది ఆ ఒక్కరోజే. ఆమెకు చెప్పకు.

బస్సు ఎక్కేటప్పుడు కూడా ఎడమ చేత్తోనే కమ్మీ పట్టుకున్నాను. కుడి చెయ్యి కిందికి దించింది మీ గుట్ట కనుమరుగయ్యాకే.

భుజం ఇంకా నొప్పిగా ఉంది. ఈ ఉత్తరం ఎడమ చేత్తో రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఈసారి ఆశీస్సులు పైనే ఉన్నాయి, వెతకనక్కర్లేదు.

మీ మామ